ఆ బీడు బంజరు కాదు, దయచేసి మొక్కలు నాటకండి

సంపాదకుడు గారికి,

జూన్ వచ్చిందంటే మొక్కలు నాటే ఫొటోలు పేపర్లో పేజీల కొద్దీ వస్తాయి. ఎప్పుడూ సంతోషంగానే చూసేవాణ్ణి. ఈసారి ఒక ఫొటో దగ్గర మాత్రం మనసు కలుక్కుమంది. కర్నూలుకు దగ్గర్లోనే, పదిహేనేళ్లుగా నేను కెమెరా భుజాన వేసుకుని తిరుగుతున్న ఒక బీడులో వరసగా గుంతలు తీసి మొక్కలు పెట్టారు, కింద ‘పనికిరాని బంజరుకు పచ్చదనం’ అని రాశారు. సరిగ్గా అక్కడే పోయిన వేసవిలో తీతువు పిట్ట గుడ్లు చూశాను, రాళ్లలో రాళ్లలా కలిసిపోయి ఉన్నాయి, ఇంకొక్క అడుగు వేసుంటే తొక్కేసేవాణ్ణి.

ఆ నేల పనికిరానిది కాదు. గడ్డి పెరగాల్సిన చోట గడ్డే పెరుగుతోంది, అంతే.

రోళ్లపాడు సంగతే చూడండి. నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో ప్రకటించిన అభయారణ్యం అది, ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ‘అభయారణ్యం’ అన్న మాటలోనే అరణ్యం ఉంది కదా, అందుకేనేమో మొదటిసారి వెళ్లినవాళ్లు ‘ఇదేంటి, ఇక్కడ అడవే లేదు’ అంటారు. బట్టమేకకు అడవి అక్కర్లేదు. మీటరు ఎత్తు ఉండే పక్షి, బాగా పెరిగిన మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది, ఆడది మామూలుగా ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. తోడేలో కుక్కో వస్తుంటే దూరం నుంచే కనపడాలంటే దానికి కనుచూపు మేర ఖాళీగా ఉండాలి. దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా తిరిగే ఈ పక్షులు సుమారు 150 మాత్రమే, ఉన్నవాటిలో చాలావరకు రాజస్థాన్‌లోనే. రోళ్లపాడులో కొన్నేళ్లుగా వాటి జాడ లేదు. కారణం ఒక్కటి కాదు. జొన్న, కొర్ర, శనగ పండిన మెట్ట పొలాలకు కాలవ నీళ్లొచ్చి పంటలు మారాయి, పురుగుమందులు పెరిగి మిడతలు తగ్గాయి, ఊరకుక్కలు ఎక్కువయ్యాయి. పక్కనే కర్ణాటకలోని రాణిబెన్నూరులో, కృష్ణజింకలూ బట్టమేకలూ ఉన్న నేలలో యూకలిప్టస్ నాటారు. అక్కడా ఇప్పుడు బట్టమేక లేదు.

అది పోయినంత మాత్రాన ఆ నేల చచ్చిపోలేదు సార్. మృగశిర కార్తెలో తొలకరి పడగానే వెళ్లి చూడండి. వారం తిరిగేసరికి పసుపు పచ్చగా ఎండిన నేల లేత ఆకుపచ్చకు తిరుగుతుంది, ఆరుద్ర పురుగులు ఎర్ర మఖమల్ బొట్టుల్లా బయటికొస్తాయి, నేల పిచ్చుకలు గిట్టల గుంతల్లో గూళ్లు పెడతాయి. గడ్డి గింజ పట్టి నడుం దాకా వచ్చిన తర్వాత, చలికాలానికి మధ్య ఆసియా నుంచి పిల్లిగద్దలు (హ్యారియర్లు) దిగుతాయి. ఇవి రాత్రిపూట చెట్టెక్కవు, ఆ గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. పొద్దుగూకే వేళ ఒక్కొక్కటే తక్కువ ఎత్తులో ఎగురుతూ వచ్చి గడ్డిలోకి దిగుతుంటే కెమెరా పక్కన పెట్టి ఊరికే చూస్తూ కూచున్న సాయంత్రాలు నాకు ఎన్నో ఉన్నాయి. అక్కడ చెట్లు పెంచితే ఇవి పడుకోవడానికి ఎక్కడికి వెళ్తాయి?

అలాగని కంచె వేసి వదిలేస్తే సరిపోదు. వదిలేసిన గడ్డినేలలోకి ముందు సర్కారు తుమ్మ వస్తుంది, తర్వాత అదొక్కటే మిగులుతుంది. రెండేళ్ల కిందట అమెరికాలో కాన్సాస్‌లో ఉండే మా అక్క దగ్గరికి వెళ్లినప్పుడు ఏప్రిల్‌లో ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి గుట్టలు చూశాను. అక్కడి పొడుగు గడ్డి ప్రెయిరీలో, అంటే విశాలమైన గడ్డినేలలో, మిగిలింది నాలుగు శాతం లోపే, అందులో ఎక్కువ భాగం ఆ గుట్టల్లోనే ఉంది. పశువుల రైతులే కావాలని గడ్డికి నిప్పు పెడుతుంటే మొదట గుండె ఆగినంత పనైంది. పది రోజుల తర్వాత అదే గుట్ట మీద లేత గడ్డి చూశాక అర్థమైంది, ఆ నిప్పే లేకపోతే రెడ్ సెడార్ చెట్లు కమ్మేసి గడ్డిని మింగేస్తాయట. దగ్గర్లోనే కొంజా అనే పరిశోధన కేంద్రంలో ఒక ముక్కను ఏటా, ఇంకోదాన్ని రెండేళ్లకు, మరోదాన్ని నాలుగేళ్లకు, ఇరవయ్యేళ్లకు కాలుస్తూ ఏం జరుగుతోందో దశాబ్దాలుగా లెక్క రాస్తున్నారు. మన దగ్గర కూడా తగలబెట్టమని నేను అనడం లేదు, మన వానలు వేరు, మన పిట్టలు గూడు పెట్టే కాలం వేరు. అలా కాలాన్ని బట్టి చేసే పని, రాసిపెట్టుకునే లెక్క మనకూ ఉండాలంటున్నాను.

మన గడ్డికి నిప్పు కంటే గొర్రెలు, కొడవళ్లు నయం. జూలై నుంచి అక్టోబరు దాకా మేత, బండ్లు రెండూ ఆపాలి. గింజ రాలిన తర్వాత గడ్డిని ఒకేసారి కాకుండా పట్టీలు పట్టీలుగా కోసుకోనివ్వాలి, పిల్లిగద్దలు దిగే చోటు మాత్రం వదిలేయాలి. ఎండాకాలంలో సర్కారు తుమ్మను వేళ్లతో సహా పీకించాలి, పైపైన నరికితే రెట్టింపు చిగురిస్తుంది. ఈ పనులకు అటవీశాఖ వాళ్లు ఆ ఊళ్ల గొర్రెల కాపర్లను కూచోబెట్టి మాట్లాడాలి, ఏ మూల ఏ గడ్డి ఎప్పుడు ముదురుతుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. జింకలు శనగ చేను మేసిన రైతుకు నష్టపరిహారం ఆ పంట కాలంలోనే చేతికి అందాలి, లేకపోతే జింక మీద అతనికి ప్రేమ ఎలా ఉంటుంది?

మా ఫొటోలు తీసేవాళ్ల తప్పు కూడా చెప్పకపోతే అన్యాయం. ఒకసారి తోడేలు పిల్లలున్న గుంత ఎక్కడుందో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు, ఆ ఆదివారానికి ఏడు కార్లు వచ్చాయి, ఇంకో రెండు రోజులకు ఆ గుంత ఖాళీ. ఫోన్లో పిట్ట కూత వినిపించి దగ్గరికి రప్పించేవాళ్లు, గడ్డిలోకి జీపు దించేవాళ్లు ఇప్పుడు మామూలైపోయారు. కాన్సాస్‌లో ప్రెయిరీ కోళ్ల నాట్యం చూడాలంటే తెల్లవారక ముందే మరుగు గుడిసెలోకి వెళ్లి కూచోవాలి, పక్షులు వాటంతట అవి వెళ్లిపోయేదాకా బయటికి రాకూడదు. అలాంటివి రోళ్లపాడులో నాలుగు కట్టి, రోజుకు ఇంతమందికే అని టికెట్ పెడితే మొదట కొనేవాళ్లలో నేనుంటాను.

ఇక ఆ ఫొటోలోని బీడు సంగతి. అక్కడ పెట్టిన మొక్కలు ఇంకా మోకాలెత్తు కూడా రాలేదు. వేళ్ల మట్టి చెదరకుండా తీస్తే ఊరి చెరువు కట్ట మీదా, బడి ఆవరణలోనూ చక్కగా బతుకుతాయి. నాటినవాళ్లు సరేనంటే ఈ వానలు తగ్గకముందే చేద్దాం, గడ్డపార తీసుకుని నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు