లకుముకి బతికే ఉందిరా!

రేయ్,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు సారీ, తిట్టుకోకు. ఇంట్లో అందరూ బాగున్నారు, నా జలుబు తగ్గింది, మిగతావి తర్వాత. ముందు ఇది విను, కెమెరాని కవర్‌లో చుట్టి పెట్టి పక్కనే కూర్చుని రాస్తున్నా.

మూడు వారాలుగా చెరువంతా గడ్డకట్టే ఉందా, నాకు రోజూ లకుముకిపిట్ట బెంగే. పైన మంచు పలక కప్పేస్తే దానికి చేప ఎలా అందుతుంది, ఆ నలభై గ్రాముల ఒళ్లు ఎన్ని రోజులు పస్తుంటుంది చెప్పు. నిన్న గాలి మారింది, రాత్రంతా చూరు కారుతూనే ఉంది. ఇవాళ తెల్లారకముందే పరిగెత్తా. వాగు వచ్చి కలిసే మూల, పారే నీళ్లు కదా, ముందు అక్కడే విడింది, ఓ చాప పరిచినంత.

మంచు మీద అడుగు పెట్టలేదు, నీ మీద ఒట్టు. ఇప్పుడది చూడ్డానికి గట్టిగానే ఉంటుంది కానీ లోపల గుల్ల. గట్టు మీదే బోర్లా పడుకున్నా. తెల్లదనానికి కెమెరా ఫొటోని బూడిదరంగు చేసేస్తుందని ఎక్స్‌పోజర్ ప్లస్ 1 పెట్టి వెలుతురు పెంచా, మునక అందాలని షట్టర్ సెకనులో 1/3200 వంతు, ఐఎస్‌ఓ ఎంత పెరిగి ఫొటోలో చుక్కలొచ్చినా రానీ అనుకున్నా. బాతులొచ్చాయి, తీశా, సరే.

అప్పుడు సన్నటి ఈల! నీలం గీత గీసినట్టొచ్చి రెల్లుపుల్ల మీద వాలింది. కింది ముక్కు నారింజ రంగు, అంటే ఆడది. మన రాణీగారేరా! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మొదటి మునక వేసేసరికి చలికి బ్యాటరీ ఢమాల్. ఇంకోటి చొక్కా లోపల ఒంటికి ఆనించి ఉంచా, వేళ్లు కొంకర్లు పోతుంటే ఎలాగో మార్చా. రెండోసారి చేపతో లేచింది, పుల్లకేసి ఠప్ ఠప్‌మని కొట్టి, తల ముందుకు తిప్పి మింగేసింది. గెడ్డం కింద ఓ నీటిచుక్క అలాగే వేలాడుతోంది, రాలదే!

ఇంకొంచెం పాకితే ఫ్రేమ్ నిండా వచ్చేది. పాకలేదు. దానికున్నదే ఆ ఒక్క మడుగు, బెదిరి ఎగిరిపోతే ఆ పూట తిండి పోయినట్టే కదా. కదలకుండా పడుకున్నా, మళ్లీ మూడుసార్లు మునిగింది. పోయినేడు చలికి ఆ గట్టు కింద మనకి దొరికిన పిట్ట గుర్తొచ్చి… సర్లే, అదిప్పుడొద్దు.

ఒక ఫ్రేముంది చూడు, ముక్కు కొన నీళ్లని అప్పుడే తాకుతోంది, కింద నీడ ముక్కు కూడా దానికి ఎదురొచ్చి ఆనుకుంది. వెనకాల బుల్లి తెర మీద చూసిందే, షార్ప్‌గా ఉందో లేదో పెద్దగా చేసి చూడాలి. వెచ్చటి గదిలోకి రాగానే విప్పితే లెన్స్‌కి చెమ్మ పట్టేస్తుందని ఇందాకట్నించీ ఆగా.

గంటైంది. విప్పుతున్నా, ఉంటా!