సెల్ఫ్ మోటార్ మార్చే ముందు ఇది చూడండి

అన్నా, అందరికీ నమస్తే. నిన్న హన్మకొండలో నా పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మళ్లీ మొరాయించింది. తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. మెకానిక్ బానెట్ ఎత్తకుండానే సెల్ఫ్ మోటార్ (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటార్) పోయిందన్నాడు!

మీటర్ పెట్టి చూశా. బ్యాటరీ 12.5 వోల్టులు, బాగానే ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజిన్‌కీ మధ్య చూస్తే 2 వోల్టులు. అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదు, ఉందంటే ఆ దారిలో కరెంటుకి ఏదో అడ్డున్నట్టే. బ్యాటరీ నెగెటివ్‌ని ఇంజిన్‌కి కలిపే ఎర్త్ వైరు బోల్టు విప్పితే కింద పచ్చగా చిలుము. సాండ్ పేపర్‌తో రుద్ది బిగించా, ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

టకటకమని వరసగా కొట్టుకుంటే మాత్రం ముందు బ్యాటరీనే అనుమానించండి. సెల్ఫ్ తిరుగుతూ కూడా అందుకోకపోతే స్పార్క్, పెట్రోల్ చూడాలి, అది వేరే కథ.

ఆదివారం రామప్ప డ్రైవ్‌కి వస్తున్నా. మీటర్ డిక్కీలోనే ఉంటుంది.