మీ పంపు నీళ్లలోకి కరెంటు వదిలింది

హనుమకొండ,
16 ఏప్రిల్ 2025.

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: మార్చి 8న కొన్న నీటి పంపు నుంచి, వాడడం మొదలుపెట్టిన 19వ రోజున నీళ్లలోకి కరెంటు రావడం, పెట్టె మీద ముద్రించిన అంకెలు నిజం కాకపోవడం, వారంటీ వర్తించదని తిప్పి పంపడం గురించి.

అయ్యా,

మార్చి 28న, ఉగాదికి రెండు రోజుల ముందు సాయంత్రం, మీ పంపు మునిగి ఉన్న డ్రమ్ములో మా అమ్మాయి చేయి పెట్టింది. ఊడిన లేబులు ముక్క ఒకటి పంపు జల్లెడకు అతుక్కుపోతే దాన్ని తీయబోయింది. వేళ్లు నీళ్లకు తగిలాయో లేదో, చేయి భుజం దాకా జివ్వుమని లాగేసింది. కెవ్వున అరిచి వెనక్కి పడింది. ఆ క్షణంలోనే ఇల్లంతా చీకటైంది. చీకటి పడడమే ఆ పిల్లను బతికించింది. నిరుడు వేసవికి ముందు మా వారు పట్టుబట్టి మీటరు పక్కన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించారు. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా కనిపించగానే సరఫరా ఆపేయడం దాని పని. అది తన పని చేసింది. లేకపోతే ఈ ఫిర్యాదు మీకు కాదు, పోలీసు స్టేషనుకు రాసి ఉండేదాన్ని.

స్విచ్చు ఆపకుండా నీళ్లలో చేయి పెట్టడం పొరపాటే. అది మీరు చెప్పకముందే ఒప్పుకుంటున్నాను. కానీ నీళ్లలో ముంచి వాడమని మీరే అమ్మిన వస్తువు, కొన్న మూడు వారాలు తిరగకుండా ఆ నీళ్లలోకే కరెంటు వదలడం మా పొరపాటు ఎలా అవుతుంది?

ఆ డ్రమ్ము సంగతి వివరంగా చెప్పాలి. ఎందుకంటే మీ సేవా కేంద్రం వాళ్లు దాని పేరు చెప్పే మా పంపును తిప్పి పంపారు.

మేము ఇంట్లో అల్లం సోడా తయారు చేస్తాము. తురిమిన అల్లం, చక్కెర, నిమ్మరసం జాడీలో పులియబెట్టి, నురగ కట్టాక వడకట్టి, సీసాల్లో పోసి మూత బిగిస్తాము. గ్యాసు బయటి నుంచి పట్టేది కాదు, సీసాలోనే పుడుతుంది. మా ఊరి ఏప్రిల్ ఎండకు ఒక రోజులోనే సీసా బిగుసుకుంటుంది, వెంటనే ఫ్రిజ్‌లోకి మార్చాలి. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది, ప్రమాదంతో కూడినది సీసా కడగడం. తాగేసిన సీసా అడుగున తెల్లని మడ్డి పొర ఒకటి మిగులుతుంది. అది ఎండితే గాజును పట్టుకుని వదలదు. దాని మీదే కొత్త సరుకు పోస్తే మనం వేయని సూక్ష్మజీవులు కూడా లోపల పనిచేస్తాయి, గ్యాసు హద్దు దాటుతుంది. నిరుడు మే నెలలో అలాగే ఒక సీసా పేలి, గాజు పెంకు వంటింటి తలుపులో బొటనవేలంత లోతున దిగబడింది. ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి సీసా శుభ్రత విషయంలో నేను రాజీ పడడం లేదు.

బ్రష్షుతో 120 సీసాలు కడగడానికి ఇద్దరికి నాలుగు గంటలు పడుతుంది. చలికాలంలో వేళ్లు పగిలిపోతాయి. మా మామగారు కాజీపేటలో ముప్పై ఏళ్లు గోలీ సోడా అమ్మారు. 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంటు పొందిన ఆ సీసా మెడలో గోలీ ఉంటుంది కనుక బ్రష్షు లోపలికి దిగదు. సీసాను తలకిందులుగా పట్టుకుని కింది నుంచి ధార కొట్టాలి. ఆయన చేతిపంపుకు సన్నని గొట్టం బిగించి అలాగే కడిగేవారట. బీరును ఇంట్లోనే కాచుకునే అలవాటున్న దేశాల్లో కూడా సీసాలు కడగడానికి ఇదే పద్ధతిలో సొంతంగా యంత్రాలు చేసుకుంటారు. మేమూ అదే చేశాము.

60 లీటర్ల నీలం డ్రమ్ము, దాని మూతి మీద సీసాలు బోర్లించే ప్లాస్టిక్ క్రేటు, లోపల ముప్పావు అంగుళం సీపీవీసీ గొట్టాల చట్రం, చట్రం మీద నిలువుగా 12 సన్నని స్టీలు గొట్టాలు. వేడి నీళ్లు పోతాయని మామూలు పీవీసీ వద్దన్నాను, అది వేడికి మెత్తబడుతుంది. ఒక్కో గొట్టం ఒక్కో సీసాలోకి పోయి అడుగుకు ధార కొడుతుంది, నీళ్లు తిరిగి డ్రమ్ములోకే రాలుతాయి. చెప్పుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. మడ్డి వదలడానికి సీసాలను బట్టల సోడా నీళ్లలో నానబెట్టేది వేరే తొట్టిలో. సోడా వల్ల పంపు పూత పాడవుతుందేమోనని నేనే ఆ నియమం పెట్టాను. మీ పంపు ఉన్న డ్రమ్ములో పోసినవి ఉత్త నీళ్లు. థర్మామీటరు పెట్టి చూసిన వేడి 45 డిగ్రీలు. మీ పెట్టె మీద 60 డిగ్రీల వరకు వాడవచ్చని ఉంది.

పంపును వరంగల్ స్టేషన్ రోడ్డులోని ఒక దుకాణంలో 1,450 రూపాయలకు కొన్నాము. ఆరు వందలకు దొరికే కూలర్ పంపులు పక్కనే ఉన్నాయి. పెట్టె మీద గంటకు 2,000 లీటర్లు, హెడ్ (అంటే నీళ్లను ఎక్కించగల ఎత్తు) 3 మీటర్లు అని పెద్ద అక్షరాల్లో ఉండడం చూసి దీన్నే తీసుకున్నాము. 12 గొట్టాల లెక్క వేసుకున్నది కూడా ఆ అంకెలను నమ్మే.

మార్చి 10న మొదటిసారి స్విచ్చు వేశాము. మధ్యలోని నాలుగు సీసాల్లో ధార అడుగుకు తగిలింది. మూలల్లోని నాలుగింటిలో నీళ్లు సీసా సగానికి కూడా లేవలేదు. నా లెక్క తప్పిందేమో అనుకున్నాను. గొట్టాలు విప్పి మళ్లీ బిగించాను. రంధ్రాలు చిన్నవి చేయించాను. చివరికి ఆరు గొట్టాలకు మూతలు వేసి ఆరింటితోనే నడిపాము. అంటే నేను మీ అంకెలను అనుమానించే ముందు వారం రోజులు నా పనితనాన్నే అనుమానించుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆ తర్వాత కొలిచాను. పంపుకు ఏ గొట్టమూ తగిలించకుండా, నీటి మట్టానికి సరిగ్గా 20 లీటర్ల బకెట్టు పట్టి, ఫోనులో సమయం చూశాను. మూడుసార్లు నిండడానికి వరుసగా 76, 78, 77 సెకన్లు పట్టింది. లెక్క కట్టండి, గంటకు 935 లీటర్లు. మీరు ముద్రించిన దానిలో సగం కూడా లేదు. హెడ్ చూడడానికి పారదర్శకంగా ఉండే గొట్టం ఒకటి తగిలించి మేడ మెట్ల గోడ వెంట పైకి పట్టుకున్నాము. డ్రమ్ములోని నీటి మట్టం నుంచి 1 మీటరు 70 సెంటీమీటర్ల దగ్గర నీళ్లు ఆగిపోయాయి. అరగంట చూశాము, అంతకు మించి వేలెడు కూడా ఎక్కలేదు. గోడ మీద పెన్సిలుతో గీసిన గీత, కొలటేపుతో కలిపి తీసిన ఫోటో జతచేశాను. వోల్టేజి తక్కువని మీరు అనవచ్చు కనుక అదీ చూపించాము. ఎలక్ట్రీషియన్ మీటరులో 226 వోల్టులు వచ్చింది.

మార్చి 28 ప్రమాదం తర్వాత అదే ఎలక్ట్రీషియన్ పంపును పరీక్షించారు. మేము దాన్ని విప్పలేదు, విప్పవలసిన అవసరం కూడా రాలేదు. తీగ పంపులోకి దిగే చోట నల్లని గట్టి పూత ఉంటుంది కదా, అక్కడ తీగ చుట్టూ వెంట్రుక మందాన పగులు ఉంది. గోరు పెడితే దొరుకుతుంది. తీగను కొంచెం అటూ ఇటూ వంచితే ఆ పగులు లోంచి నీటి బొట్టు ఊరి బయటికి వచ్చింది. మోటారు లోపలికి నీళ్లు పోయిన దారి ఇదేనని ఆయన చెప్పారు. ఆ బొట్టు కనిపించే ఫోటో కూడా ఇందులో ఉంది. దయచేసి దాన్ని పెద్దది చేసి చూడండి.

ఏప్రిల్ 2న ఇక్కడి మీ సేవా కేంద్రంలో పంపు ఇచ్చాము. మూడు రోజుల తర్వాత తిరిగి తీసుకెళ్లమన్నారు. కరెంటు ఎందుకు లీకైందో పరీక్షించారా అని అడిగితే జవాబు లేదు. ఏప్రిల్ 9న మీ కార్యాలయం నుంచి ఈమెయిలు వచ్చింది. అందులో రెండు కారణాలు చెప్పారు. ఒకటి, ఇది కూలర్ల కోసం చేసిన పంపు, సీసాలు కడిగే యంత్రంలో వాడితే వారంటీ ఉండదు. రెండు, మాది వ్యాపార వినియోగం.

మొదటి దాని గురించి. మీ వారంటీ కార్డులో కూలర్లు, ఫౌంటెన్లు, అక్వేరియంలు, ఇతర ఇంటి అవసరాలు అని రాసి ఉంది. తొట్టిలో నీళ్లను పైకి తోడి మళ్లీ అదే తొట్టిలోకి రాల్చడమే కూలర్‌లోనైనా మా డ్రమ్ములోనైనా పంపు చేసే పని. మేము దానికి కొత్త పని ఏదీ చెప్పలేదు. పైగా మీ కారణం వింటే నా భయం ఇంకా పెరుగుతోంది. మా డ్రమ్ము ప్లాస్టిక్‌ది. కూలర్ తొట్టి చాలా ఇళ్లలో ఇనుప రేకు. ఇదే పంపు, ఇదే పగులుతో, ఎర్తింగు సరిగా లేని ఇంట్లో కూలర్ అడుగున ఉంటే ఆ రేకు మొత్తానికి కరెంటు వస్తుంది. రాత్రి నిద్రలో లేచి కూలర్ పక్కకు జరిపేవారు, దాని పక్కనే ఆడుకునే పిల్లలు ఎంతమంది ఉంటారు! వేసవిలో కూలర్ షాకుతో మనుషులు పోయిన వార్తలు మా జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటాము. ఇది కూలర్ పంపే అని మీరు గట్టిగా చెబుతున్నారంటే, దీన్ని దుకాణాల నుంచి వెనక్కి రప్పించే పని ఈ రోజే మొదలుపెట్టాలి.

రెండోది వ్యాపారం అన్న మాట. మా ఇంట్లో కూలివాళ్లు లేరు. నేను, మా వారు, కాలేజీ లేని రోజుల్లో మా అమ్మాయి, అంతే. వారానికి రెండు వందల సీసాలు, తెలిసిన ఇళ్లకూ రెండు దుకాణాలకూ. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని వాడే వస్తువును వ్యాపార ప్రయోజనంగా లెక్కించకూడదని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. మీ న్యాయ విభాగాన్ని ఒకసారి చదవమనండి.

డబ్బు విషయం చివర చెబుతాను, ఎందుకంటే అది చిన్నది. ఉగాది ఆర్డర్లు చేత్తో కడిగి ఎలాగో పూర్తి చేశాము. ఏప్రిల్ 6న శ్రీరామనవమి పందిరికి ఒప్పుకున్న 240 సీసాలు ఇవ్వలేకపోయాము. మాట తప్పినందుకు మా వారు వెళ్లి క్షమాపణ చెప్పుకున్నారు. ఆ నష్టం నేను మిమ్మల్ని అడగడం లేదు. పంపు ఖరీదు 1,450, ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చిన 300, మొత్తం 1,750 రూపాయలు తిరిగి ఇవ్వండి. మారుపంపు మాత్రం వద్దు. అదే రకం పంపును మళ్లీ మా అమ్మాయి చేయి పెట్టే నీళ్లలో ఉంచలేను.

అంతకన్నా ముఖ్యంగా కోరేవి ఇవి. నా పంపు మీది క్రమసంఖ్య బిల్లు నకలులో ఉంది, దానితో పాటు తయారైన పంపులన్నిటిలో తీగ దిగే చోటి పూతను పరీక్షించి, ఫలితం నాకు రాతపూర్వకంగా తెలపండి. లోపం ఉన్నట్టు తేలితే కొన్నవారికి దుకాణాల ద్వారా కబురు చేయండి, ఎండలు ముదరకముందే. పెట్టె మీది లీటర్లు, హెడ్ అంకెలు ఎవరు ఎలా కొలిచారో చెప్పండి, కొలిచి ఉండకపోతే ఆ అంకెలు చెరిపేయండి. స్విచ్చు ఆపకుండా నీళ్లను తాకవద్దన్న హెచ్చరిక మీ కాగితంలో నాలుగో పేజీలో, ఇంగ్లిషులో మాత్రమే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. దాన్ని తెలుగులో కూడా పెట్టె మీదే వేయండి. మా అమ్మాయి దాన్ని చూసి ఉంటే చేయి పెట్టేది కాదు.

మీ జవాబు కోసం ఏప్రిల్ 30 వరకు ఎదురుచూస్తాను. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేసి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. వినియోగదారు నివసించే చోటే కేసు వేయవచ్చని కొత్త చట్టం చెబుతోంది కనుక నేను మీ ఊరు రావలసిన పని లేదు, మీరే మా ఊరు రావలసి ఉంటుంది.

పంపును ఆరబెట్టకుండా, తుడవకుండా, ఆ రోజు ఉన్నట్టే ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టాను. మీ ఇంజినీరు వచ్చి చూస్తానంటే ఏ రోజైనా సరే, ముందు రోజు ఫోను చేస్తే చాలు. డ్రమ్ము, చట్రం, మెట్ల గోడ మీది గీత కూడా చూపిస్తాను. కొలతలు మీ చేత్తోనే మళ్లీ తీసుకోవచ్చు, బకెట్టు నేను ఇస్తాను.

ఇట్లు,
మీ పంపు కొన్న వినియోగదారు,
హనుమకొండ.

జతచేసినవి: బిల్లు నకలు, వారంటీ కార్డు, పెట్టె నాలుగు వైపుల ఫోటోలు, కొలతల ఫోటోలు, పగులు ఫోటో, సేవా కేంద్రం చీటీ, మీ కార్యాలయం పంపిన ఈమెయిలు.