మత్తు దిగాక కంట్లో సూది వేస్తే ఇక ఆ మత్తు దేనికి?

సంపాదకుడు గారికి,

కంట్లో సూది అనగానే షుగరు రోగులు బెదిరిపోతున్నారు. కంటి వెనుక ఉండే తెర, అంటే రెటీనా మధ్యభాగం వాచి చూపు మసకబారినప్పుడు ఆ ఇంజెక్షన్లే ప్రధాన చికిత్స. మొదట్లో నెలకొకటి చొప్పున వరుసగా కొన్ని వేయించుకోవాలి. మా దేవరకొండ ప్రాంతంలో ఒకటి వేయించుకుని మిగతావి మానేసినవారిని నేనెరుగుదును. హైదరాబాద్ ప్రయాణం, పోయే కూలి, ఖర్చు అన్నీ కారణాలే. వాటి సరసన నొప్పి కూడా చేరడం అన్యాయం.

ఈ సూదికి సాధారణంగా మత్తు చుక్కలు చాలు. ప్రొపారాకైన్ వేస్తే కంటి పైపొర అర నిమిషంలో మొద్దుబారుతుంది. అయితే ఆ ప్రభావం ఉండేది సుమారు పావుగంటే. మా పెద్దమ్మకు ఒక ఆసుపత్రిలో బయట వరుసలో కూర్చోబెట్టి చుక్కలు వేశారు. లోపలికి పిలిచేసరికి గంట దాటింది. వేసినవి కంటిపాపను పెద్దది చేసే చుక్కలో, మత్తు చుక్కలో ఎవరూ చెప్పలేదు. సూది దిగగానే కేక పెట్టింది. ఇక ఎంత బతిమాలినా రెండో సూదికి రానంటోంది. ఆ చుక్కల ఖరీదెంతని! సూదికి ముందు మరోసారి వేయడానికి పట్టేది నిమిషం.

సూది దిగేది నల్లగుడ్డులో కాదు, దాని అంచుకు 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల దూరాన తెల్లగుడ్డులో. ఇన్సులిన్ సూదంత సన్నం. లోపలికి వెళ్లే మందు సాధారణంగా 0.05 మిల్లీలీటరే. మత్తు ఉన్నా కాస్త నొక్కినట్టు తెలుస్తుంది. ఇంతమాత్రం తెలుగులో చెప్పే మనిషిని పెట్టలేరా? ఆ సాయంత్రం కన్ను మండేది చాలాసార్లు సూది వల్ల కాదు, ముందు వేసే పొవిడోన్ అయోడిన్ అనే క్రిములను చంపే మందు వల్ల. మండుతుందని దాన్ని వద్దనకూడదు. కంట్లో చీము పట్టకుండా కాపాడేది అదే. తర్వాతి రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

2018లో మొదలైన కంటి వెలుగు పథకంలో ఊరూరా అద్దాలు పంచారు, మంచిదే. రెటీనా వాపు అద్దాలతో పోయేది కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఈ ఇంజెక్షన్లు క్రమం తప్పకుండా దొరికేలా చూడాలి. ఎక్కడ వేసినా సరే, మత్తు చుక్కలు వేసిన సమయాన్ని రోగి చీటీపై రాయాలని, పావుగంట దాటితే మళ్లీ వేయాలని ఆరోగ్యశాఖ ఆదేశించాలి.

– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా