చవక సినిమా అని తీసిపారేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ సినిమా పేజీలో 1933 నాటి హాలీవుడ్ భయానక సినిమా 'ద వాంపైర్ బ్యాట్' గురించి రాసింది చదివాను. చవకబారు సెట్లు, మసక బొమ్మ, భయం బదులు నవ్వొస్తుంది అని తేల్చేశారు. మీ రచయిత మార్కులు వేసింది సినిమాకా, అరిగిపోయిన ప్రింటుకా అని నా అనుమానం.

ఆ సెట్లు చవకవి కావండీ, అరువువి. మెజెస్టిక్ అనే చిన్న కంపెనీ సొంతంగా ఊరు కట్టే స్తోమత లేక, యూనివర్సల్ స్టూడియో వాళ్లు 'ఫ్రాంకెన్‌స్టైన్'కి వాడిన వీధుల్నే తీసుకుని రాత్రిపూట షూటింగ్ కానిచ్చేసింది. పైగా ఇందులో నటించిన లయొనెల్ ఆట్విల్, ఫే రే అప్పటికే వార్నర్ వాళ్ల మైనపు బొమ్మల మ్యూజియం సినిమాలో నటించి ఉన్నారు, అది థియేటర్లకు రాకముందే ఆ పబ్లిసిటీ వేడిలో మెజెస్టిక్ వాళ్లు జనవరిలోనే తమ సినిమా వదిలేశారు. గంటకు కాస్త ఎక్కువ నిడివి, అంతే. ఇంత తెలివిగా ఖర్చు పెట్టే నిర్మాతలు మనకూ ఉంటే బాగుండు!

ఇక మసక సంగతి. కాపీరైట్ లేకపోవడంతో ఏళ్ల తరబడి ఎవరికి దొరికిన ప్రింటు వాళ్లు చూపించారు, యూట్యూబ్‌లో ఉన్నవీ ఎక్కువగా అవే. అమెరికాలో యూసీఎల్‌ఏ యూనివర్సిటీ వాళ్ల ఫిల్మ్ ఆర్కైవ్ బాగుచేసిన ప్రింటు వేరు. ఎంవీపీ కాలనీలో మా మిత్రుడి ఇంట్లో గోడ మీద ప్రొజెక్టర్ వేసుకుని చూశాం. జనం కాగడాలతో గుహలోకి పరిగెత్తే చోట తెరంతా నలుపు తెలుపే, మంటలకు మాత్రం చేత్తో అద్దిన రంగు. అప్పటిదాకా ఫోన్లు నొక్కుతున్న కుర్రాళ్లు తలెత్తి చూశారు.

ఆ జనం తరుముతున్నది గబ్బిలాలంటే ఇష్టపడే ఒక అమాయకుణ్ణి. ఊళ్లో వరసగా శవాలు, మెడ మీద గాట్లు, ఇంకేముంది, వాడే అన్నారు. మన ఏజెన్సీలో చిల్లంగి (చేతబడి) పెట్టాడన్న అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మీ పత్రికలోనే వస్తుంటాయి కదా, ఇందులో నవ్వడానికి ఏముందో నాకర్థం కాలేదు.

లోపాలు లేవని కాదు. రోగాల భయంతో చచ్చే ఆ పిన్నిగారి కామెడీ సగానికి సగం కోసేయొచ్చు, చివర్లో చిక్కుముడి విప్పడం కూడా హడావుడిగా అయిపోతుంది. వాటి గురించి మీవాళ్లు ఒక్క ముక్క రాయలేదు. హంతకుడు ఎవరో మాత్రం రెండో పేరాలోనే చెప్పేశారు. మర్డర్ మిస్టరీకి తొంభై ఏళ్లు దాటినా మొదటిసారి చూసేవాళ్లు ఉంటారండీ, ఈసారి దయచేసి అది దాచి రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం