పిల్లలతో ఒక్కసారి మాట్లాడండి: హెచ్‌ఐవీ గురించి

అందరికీ నమస్కారం. ఇబ్బందిగా అనిపించినా పూర్తిగా చదవండి.

మొన్న తెలిసినవాళ్లబ్బాయి, ఇంజినీరింగ్ రెండో ఏడు, మా ఇంటికొచ్చి టీ చల్లారిపోతున్నా కప్పు అంచు రుద్దుతూ కూర్చున్నాడు. చివరికి నోరు విప్పాడు: "ఆంటీ, కండోమ్ చిరిగిపోయింది, నాలుగు రోజులైంది." ఇంట్లో చెప్పలేక, ఆ నాలుగు రోజులూ నిద్ర లేకుండా ఫోన్‌లోనే వెతుక్కున్నాడట. మొదటి 72 గంటల్లోపు డాక్టర్ దగ్గరికి వెళ్లుంటే, అవసరమనుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా ఆపే 28 రోజుల పెప్ మందులు ఇచ్చేవారు, అదీ ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఈ ఒక్క మాట వాడికి ఎవరూ చెప్పలేదు, నాకు బాధంతా అదే.

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో, పరీక్ష ఉచితం, వివరాలు బయటకు చెప్పరు. 18 నిండనివాళ్లకైతే అమ్మానాన్నలో, సంరక్షకులో ఒప్పుకోవాలి, అందుకే పిల్లలు మన దగ్గరికి రాగలగాలి. వెంటనే చేయించుకున్న పరీక్షలో నెగెటివ్ వచ్చినా మూడు నెలలకు మళ్లీ చేయించాలి, ఇది చాలామందికి తెలియదు. టాటూ వేయించుకుంటే సూది కొత్తదేనా, ప్యాకెట్ మన కళ్లముందే విప్పారా అని చూసుకోమనండి. ఒకే సిరంజితో ఇద్దరు ముగ్గురు మత్తు ఎక్కించుకోవడం మరీ ప్రమాదం. దోమ కాటుతో, కలిసి తినడంతో రాదు.

ఒకవేళ పాజిటివ్ వచ్చినా వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తారు, రోజూ వేసుకుంటే మామూలుగానే బతుకుతారు.

హెచ్‌ఐవీ సందేహాలకు టోల్‌ఫ్రీ నంబర్ 1097, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లల ఫోన్లలో సేవ్ చేయించండి. ఎవరికైనా విడిగా అడగాలనుంటే నాకు మెసేజ్ పెట్టండి, రాత్రయినా ఫర్వాలేదు.