వచ్చిన పక్షుల లెక్క సరే, ఎగిరిన పిల్లల లెక్క ఏది?

సంపాదకులకు నమస్కారం.

మాది కైకలూరు మండలం. కొల్లేరు అభయారణ్యం హద్దుకు బయట చేపల చెరువు లీజుకు తీసుకుని బొచ్చె, శీలావతి పెంచుతుంటాను. ఏటా అక్టోబరు, నవంబరు వచ్చేసరికి పేపర్ల జిల్లా పేజీల్లో మా మండలంలోని ఆటపాక పక్షుల కేంద్రం ఫొటో పడుతుంది. పైన విదేశీ అతిథులు వచ్చాయని హెడ్డింగు, కింద ఇన్ని వేల పెలికాన్‌లని ఒక అంకె. జనవరిలో పక్షుల గణన జరిగినప్పుడు మరోసారి వేస్తారు. ఆ తర్వాత మళ్లీ అక్టోబరు దాకా వాటి ఊసే ఉండదు. ఆ ఖాళీ నెలల గురించే ఈ ఉత్తరం.

సూదితోక బాతుల్లాంటివి చలికాలంలో దూరదేశాల నుంచి కొల్లేరుకు వస్తాయన్న మాట నిజమే. కానీ మీ ఫొటోలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని కనిపించే గూడబాతు, అదే పెలికాన్, సైబీరియా పక్షి కాదు. మన దేశం, శ్రీలంక, కంబోడియా, ఇవే దాని పుట్టిళ్లు. మన రాష్ట్రంలో ఆటపాకతో పాటు నేలపట్టు, తేలినీలాపురం, గుంటూరు పక్కన ఉప్పలపాడులో గూళ్లు కడుతుంది. సీజన్ అయ్యాక నీళ్లూ చేపా ఉన్న చోటు వెతుక్కుంటూ చెల్లాచెదురవుతుందే తప్ప మంచు దేశానికి వెళ్లిపోదు. అతిథి అనుకుంటే వెళ్లింది కదా అని ఊరుకుంటాం. మన పక్షి అని తెలిస్తే, ఈ ఏడు పిల్లలెన్ని దక్కాయని అడుగుతాం. అడగాలి.

చేపల రైతుకు ఇది రోజూ వినే ప్రశ్నే. టీ కొట్టు దగ్గర ఇద్దరు రైతులు కలిస్తే పిల్ల ఎంత వదిలావన్న మాట తర్వాత, ముందు సర్వైవల్ ఎంత వచ్చిందనే అడుగుతారు. పదివేల పిల్ల వదిలి పట్టుబడికి ఆరువేలు తేలితే మిగతాది ఏమైందో తేలేదాకా నిద్ర పట్టదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయిందా, జబ్బు తగిలిందా, పిల్లే నాసిరకమా అని ఆరా తీస్తాం. పక్షుల విషయంలో మాత్రం వదిలిన పిల్ల లెక్క చూసి సంబరపడి, పట్టుబడి లెక్క చూడకుండానే వచ్చేస్తున్నాం.

గూడబాతు సాధారణంగా మూడు గుడ్లు పెడుతుంది, ఒక్కోసారి నాలుగు. అన్నీ ఒకే రోజు పెట్టదు. మొదటి గుడ్డు నుంచే పొదగడం మొదలవుతుంది కాబట్టి నెల రోజులకు పిల్లలు ఒకదాని తర్వాత ఒకటి బయటికొస్తాయి. ఎగరడానికి ఇంకో మూడు నాలుగు నెలలు పడుతుంది. పోయిన సీజన్‌లో బోటు రేవుకు దగ్గరగా ఉన్న ఒక స్టాండు మీద పై గూటిని బైనాక్యులర్‌తో చూస్తుండేవాణ్ని. మూడు పిల్లలు, తెల్లటి నూగుతో. తల్లో తండ్రో వచ్చి వాలగానే పెద్ద పిల్ల తలంతా దాని గొంతులోకి దూర్చేసేది. అది బయటికి తీసేలోపు రెండోది రెక్కలతో కుమ్ముకుంటూ అడ్డం పడేది. మూడోది ఆ రెండింటి వెనక పుల్లల్లో అణగిపోయి, మెడ ఎత్తినా ముక్కు అంచుకు అందేది కాదు. పెద్దది దానికి రెండింతలైంది. ఒకరోజు చూస్తే గూట్లో రెండే ఉన్నాయి. కింద గుర్రపుడెక్క మీద నూగు అంటుకుని ఉంది, పక్క స్టాండు మీద గద్ద కూర్చుని ఉంది.

ఇది పక్షుల్లో మామూలే. చేప దండిగా దొరికిన ఏడు గూటికి రెండో మూడో దక్కుతాయి, దొరకని ఏడు ఒకటి దక్కితే గొప్ప. అందుకే గూటికి ఎన్ని ఎగిరాయన్న లెక్క చూస్తే ఆ ఏడు కొల్లేరు ఎలా ఉందో తెలుస్తుంది. వచ్చిన పెద్ద పక్షుల అంకె ఆ సంగతి చెప్పదు.

చలి దేశాల్లో పక్షులకు గండం మంచు కాలం. మనలాంటి వేడి దేశాల్లో గండం నీళ్లతో వస్తుంది. గుడ్ల మీద కూర్చునే అక్టోబరు, నవంబరు నెలల్లోనే తుపాన్ల గాలి. పిల్లలు బాగా తినే వయసుకు వచ్చే ఫిబ్రవరి, మార్చిలో నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి దిగిపోతుంటాయి, చేప తగ్గిపోతుంది, పైగా ఇనుప స్టాండు మీద ఎండ. సీజన్‌లో ఆలస్యంగా కట్టిన గూళ్లకు ఈ రెండో గండం మరీ ఎక్కువ. జనవరి గణన 1987లో భారత ఉపఖండంలో మొదలై ఆసియాలోని చాలా దేశాలకు పాకిన మంచి పని, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ జనవరి నాటికి ఈ పిల్లల్లో చాలా వాటికి అసలు పరీక్ష ఇంకా రానే లేదు.

పెద్ద పక్షుల అంకె మనల్ని ఎలా మోసం చేస్తుందో చెబుతాను. గూడబాతు ఏళ్ల తరబడి బతికే పక్షి. వరసగా నాలుగైదేళ్లు పిల్లలేవీ దక్కకపోయినా పాత పక్షులే అక్టోబరులో మళ్లీ వస్తాయి, ఫొటో నిండుగానే ఉంటుంది. అవి ముసలివై రాలిపోయే రోజున వాటి చోటు నింపే కుర్ర పక్షులు ఉండవు. అప్పుడు హఠాత్తుగా తగ్గిపోయాయని మనం రాస్తాం. అది హఠాత్తు కాదు.

మా కొల్లేరుకు ఇది అనుభవం కూడా. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊరి దగ్గర గూడబాతుల కాలనీని కనుగొన్నారు. అప్పట్లో అక్కడ దాదాపు 3,000 పక్షులు గూళ్లు కట్టేవి. 1975 ప్రాంతానికి ఆ కాలనీ మొత్తం ఖాళీ అయింది.  ఇప్పుడు ఆటపాక స్టాండ్ల మీద తిరిగి ఇన్ని గూళ్లు చూస్తున్నామంటే అటవీ శాఖ వాళ్ల కష్టం ఉంది, అది ఒప్పుకోవాలి. ప్రపంచంలో ఈ జాతి ఇప్పటికీ ముప్పుకు దగ్గరలో ఉన్న జాబితాలోనే ఉంది. ఆటపాక కూడా ఆ ఆరేడు ఊరిలా కాకూడదనే నా ఆత్రం.

పిల్లలే కాదు, పెద్దవి కూడా ఒక్క సీజన్‌లో పోవచ్చు. 2021 డిసెంబరు చివర్లో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వందకు పైగా పెలికాన్‌లు చెట్ల మీద నుంచి రాలి చచ్చిపోయాయి. ఏలికపాముల్లాంటి పరాన్నజీవులు చేపల ద్వారా వాటి కడుపులోకి చేరాయని పరీక్షల్లో తేలింది. ఈ ముక్క చదివిన దగ్గర్నుంచి నాకు మా చెరువుల గురించే టెన్షన్. సాటి రైతులకు నా మనవి: చచ్చిన చేప, జబ్బు చేప కాలవలోకి విసరొద్దు. గట్టు మీద గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. పక్షులు చేప తింటాయి కదా అని కోపం రావచ్చు, తినవని నేననను. చిన్న పిల్ల ఉన్న నర్సరీ చెరువుల మీద కాపు తప్పదు. అయితే కంటికి ఆనని సన్న నైలాన్ దారం కట్టకండి, రెక్క చిక్కుకుని వేలాడి చస్తాయి. కంటికి కనిపించే లావు తాడు, దానికి మెరిసే రిబ్బన్లు కడితే చాలు. పట్టుబడి రోజు వల లాగాక గట్టు పక్కన మిగిలే చిల్లర చేప కోసమే అవి ఎక్కువగా వచ్చి కూర్చుంటాయని చెరువు మీద ఉండే ప్రతి మనిషికీ తెలుసు.

కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రాంసర్ జాబితాకెక్కింది. అభయారణ్యం హద్దు ఐదో కాంటూరా (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత), మూడో కాంటూరా అన్న గొడవ ఏళ్లుగా నడుస్తోంది. అందులో ఎవరి పక్షం వాళ్లు పక్షుల పేరు చెబుతారు. గూటికి ఎన్ని పిల్లలు దక్కుతున్నాయన్న పదేళ్ల లెక్క చేతిలో ఉంటే ఆ వాదన ఊకదంపుడుగా సాగదు.

ఆ లెక్క తీయడం పెద్ద ఖర్చు కాదు. స్టాండ్లకు పెయింటుతో నంబర్లు వేయాలి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా పదిహేను రోజులకోసారి, పక్షులు బెదరనంత దూరం నుంచి, ఏ స్టాండు మీద ఎన్ని గూళ్లు, గూటికి ఎన్ని పిల్లలు అని రాసుకోవాలి. పెద్ద పక్షి అంత సైజుకు వచ్చినా గోధుమ బూడిద రంగు వల్ల పిల్లను గుర్తుపట్టడం కష్టం కాదు. కైకలూరు, ఏలూరు, భీమవరం కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు. కొన్ని పిల్లల కాళ్లకు రింగులు వేయిస్తే ఆటపాకలో పుట్టినది నేలపట్టులోనో ఉప్పలపాడులోనో కనిపించినప్పుడు ఎన్నేళ్లు బతుకుతున్నాయో కూడా తెలుస్తుంది. మన దేశంలో రింగులు వేసే పని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దశాబ్దాలుగా చేస్తోంది, వాళ్లను అడగవచ్చు.

ఇంకోటి. గూట్లోంచి జారిపడిన పిల్లకు పెద్ద పక్షులు కింద మేత పెట్టవు, అది ఆకలితో పోతుంది. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరు ఊళ్లో కుర్రాళ్లు హెజ్జార్లె బళగ అని సంఘం పెట్టుకుని, అలా పడిన పిల్లలను దొడ్డిలో ఉంచి చేపలు మేపి, రెక్కలొచ్చాక వదులుతున్నారు. ఆటపాకలో స్టాండ్ల కింద వల కట్టి, రేవు పక్కన చిన్న దొడ్డి ఏర్పాటు చేస్తే రోజుకు కావలసిన చిల్లర చేప ఇవ్వడానికి మా వైపు రైతులం సిద్ధంగా ఉన్నాం. అటవీ శాఖ అనుమతి, ఒక పశువైద్యుడి సాయం కావాలి.

మీ పత్రికను నేను కోరేది ఒక్కటే. అక్టోబరులో పక్షులు వచ్చాయని రాసిన విలేకరినే మార్చి నెలాఖరున, మళ్లీ ఏప్రిల్ నెలాఖరున ఆటపాక పంపండి. ఎన్ని గూళ్లు పడ్డాయి, ఎన్ని పిల్లలు ఎగిరాయి అని రేంజర్‌ను అడగమనండి. లెక్క లేదంటే లేదనే అచ్చువేయండి. రెండేళ్లు వరసగా అడిగితే మూడో ఏడు వాళ్లే రాసి ఉంచుతారు.

ఇట్లు,
ఒక చేపల రైతు,
కైకలూరు మండలం